చిప్పులు లెక్కపెట్టిన రోజులు

2003 ప్రాంతంలో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో గ్రాఫిక్స్ కార్డు కొనడానికి వచ్చినవాడు తెలిసినవాడో కాదో, కౌంటరు వెనకున్న మనిషి ఇట్టే పసిగట్టేవాడు. తెలియనివాడు డబ్బా చదివేవాడు. తెలిసినవాడు డబ్బాను పక్కకు నెట్టి, కార్డును వెండిరంగు కవరులోంచి తీసి, అంచులు మాత్రమే పట్టుకుని ముందూ వెనకా తిప్పి చిప్పులు లెక్కపెట్టేవాడు. నాలుగే కనిపిస్తే కార్డు మళ్లీ కవర్లోకి పోయేది. ఎనిమిది కనిపిస్తే బేరం మొదలయ్యేది.

ఆ బజార్లో నేను కొన్నేళ్లు స్క్రూడ్రైవరు పట్టుకుని బతికాను. బోర్డు మీద చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని ఉన్నా మా నోట అది సీటీసీయే. ఢిల్లీవాళ్లకు నెహ్రూ ప్లేస్, చెన్నైవాళ్లకు రిచీ స్ట్రీట్, ముంబైవాళ్లకు లామింగ్టన్ రోడ్డు ఉన్నట్టే మనవైపు కంప్యూటరు సామాన్లకు అది పెద్ద దిక్కు. నల్లగొండ నుంచో కరీంనగర్ నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు నాలుగు మడతలు పెట్టిన కొటేషన్ కాగితం చేతబట్టుకుని దుకాణం దుకాణం తిరిగేవాళ్లు. నెట్ సెంటరు పెట్టబోయే కుర్రాడు, అమీర్‌పేటలో యానిమేషన్ కోర్సులో చేరిన కొడుకు కోసం వచ్చిన తండ్రి, పెళ్లిపత్రికలు వేసే డీటీపీ ఆయన, అందరి దారీ అటే. ప్రాసెసరు దగ్గర, హార్డ్ డిస్కు దగ్గర పెద్దగా పేచీ ఉండేది కాదు. చెప్పిన పేరే లోపలా ఉండేది. తంటా అంతా గ్రాఫిక్స్ కార్డు దగ్గరే వచ్చేది.

కారణం ఆ వ్యాపారం నడిచే తీరులో ఉంది. ఎన్విడియా లాంటి కంపెనీ చిప్పుకు రూపకల్పన చేసి, దానికో పేరు పెట్టి అమ్మేది. ఆ చిప్పును బోర్డు మీద అతికించి, చుట్టూ మెమరీ చిప్పులు పేర్చి, ఫ్యాను బిగించి, రాక్షసుల బొమ్మలున్న డబ్బాలో పెట్టి పంపేవి వేరే కంపెనీలు, ఎక్కువగా తైవాన్, హాంకాంగ్, చైనాలవి. పేరు చిప్పుదే అయినా పక్కన ఎంత వేగమున్న మెమరీ పెట్టాలి, ఎంత వెడల్పు దారి వెయ్యాలి అనేది చాలాసార్లు బోర్డు చేసేవాడి ఇష్టం. అందుకే ఒకే పేరుతో నాలుగైదు రకాల కార్డులు బజార్లోకి దిగేవి. ఒకదానికీ ఇంకోదానికీ బలంలో రెట్టింపు తేడా ఉన్నా డబ్బా మీద అక్షరం తేడా ఉండేది కాదు.

ఈ చదువు నాకు నేర్పింది మా దుకాణంలోని సీనియర్ టెక్నీషియన్. అందరూ ఆయన్ను భాయ్ అనే పిలిచేవారు. ఆయన మొదటి పాఠం ఇప్పటికీ చెవిలో ఉంది: "తమ్మీ, డబ్బా మీద రాసింది అమ్మెటోడు రాసిండు. చిప్పు మీద రాసింది చేసినోడు రాసిండు. ఎవన్ని నమ్ముతవ్ మరి?"

భాయ్ ఈ రంగంలోకి వచ్చింది ఎస్‌త్రీ ట్రయో కార్డుల కాలంలో. అప్పట్లో కార్డు మీద ఒక మెగాబైటు మెమరీ అతికించి ఉండేది, పక్కన రెండు ఖాళీ సాకెట్లు ఉండేవి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లిపత్రిక వేసుకునేవాడికి ఆ ఒక్క ఎంబీ చాలు. అదే మనిషి ఫోటోషాప్ మొదలుపెట్టి, 800×600 కొలతలో అసలు రంగులు కనిపించాలంటే లెక్క మారిపోయేది. ఒక్కో చుక్కకు మూడు బైట్లు, మొత్తం 14 లక్షల 40 వేల బైట్లు. ఒక ఎంబీలో పట్టవు. సాకెట్లలో రెండు చిప్పులు నొక్కితే రెండు ఎంబీలయ్యేవి, పెళ్లికూతురి చీర రంగు తెర మీద సరిగ్గా పలికేది. కాబట్టి డీటీపీవాళ్లు వస్తే భాయ్ కళ్లు ముందు సాకెట్ల మీద పడేవి. నిండి ఉన్నాయా, ఖాళీగా ఉన్నాయా, అసలు సాకెట్లే లేని చౌక బోర్డా? కార్డును చదవడం అలా మొదలైంది.

ఆటలొచ్చాక ఆ చదువు ముదిరింది. 1999లో ఎన్విడియా రివా టీఎన్‌టీ2 వచ్చింది. దాని వెంటే ఎం64 అనే తమ్ముడొచ్చాడు. అసలు టీఎన్‌టీ2లో చిప్పుకూ మెమరీకీ మధ్య దారి 128 బిట్ల వెడల్పు, ఎం64లో 64 బిట్లే. ఒకేసారి నడవగలిగే సమాచారం సగానికి పడిపోతుంది. రెండింటికీ 32 ఎంబీ ఉండేది కాబట్టి కొనేవాడు ఆ 32 చూసి సంతోషపడేవాడు. బిల్లులో టీఎన్‌టీ2 అని రాసి ఎం64ను మరిచిపోయే దుకాణాలు ఆ రోజుల్లో కొదవేం కాదు.

ఇక్కడే చిప్పుల లెక్క అక్కరకొచ్చేది. ఎనిమిదేళ్లపాటు మా బజారంతా నమ్ముకున్న ఆ లెక్క ఇది. అప్పటి మామూలు కార్డుల మీద రెండువైపులా కాళ్లున్న పొడుగాటి మెమరీ చిప్పులుండేవి. ఒక్కోటి 16 బిట్ల దారి ఇస్తుంది. ఎనిమిది ఉంటే 128 బిట్లు, నాలుగుంటే 64 బిట్లు. ఇప్పుడు 64 ఎంబీ కార్డు తీసుకోండి. ఎనిమిదేసి ఎంబీల చిప్పులు ఎనిమిది పెట్టినా 64 ఎంబీ అవుతుంది, పదహారేసి ఎంబీల చిప్పులు నాలుగు పెట్టినా 64 ఎంబీయే అవుతుంది. రెండు డబ్బాల మీదా 64 ఎంబీ డీడీఆర్ అని రాయడంలో అబద్ధమేమీ లేదు. రెండోదాంట్లో దారి సగం అన్న మాట మాత్రం డబ్బా చెప్పదు. 2003లో వచ్చిన జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5200లో ఇది మరీ ఎక్కువ. మెమరీ 200 మెగాహెర్ట్జ్ మీద నడిస్తే 128 బిట్ల కార్డు సెకనుకు 6.4 గిగాబైట్లు మోసేది, 64 బిట్లది 3.2. ధరలో తేడా కొన్ని వందలు, ఆటలో తేడా మాత్రం మొదటి నిమిషంలోనే కనిపించేది.

చాలా బోర్డుల మీద చిప్పులు పెట్టని ఖాళీ జాగాలు కూడా కనిపించేవి. ఎనిమిది చిప్పులకు గీసిన బోర్డు మీద నాలుగే అతికించి, మిగతా నాలుగు చోట్ల మెరిసే టంకం చుక్కలు వదిలేసేవారు. పశువుల సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసినట్టు, కొనేవాళ్లు ముందు ఆ ఖాళీల కోసం వెతికేవాళ్లు.

చిప్పులను లెక్కపెడితే సరిపోదన్నది భాయ్ రెండో పాఠం. "లెక్కపెట్టినవ్ బానే ఉంది, చదివినవా?" అనేవాడు. ఒక్కోసారి ఎనిమిది చిప్పులున్నా ఒక్కొక్కటీ 8 బిట్లదే అయ్యేది. మళ్లీ 64 దగ్గరే ఆగేది. వెడల్పు పెరిగిన చదరపు చిప్పులొచ్చాక దీనికి తిరగేసిన లెక్క వచ్చింది. వాటికి బయటికి కాళ్లే కనిపించవు. ఒక్కోటి 32 బిట్లది కావచ్చు. నాలుగే ఉన్నా 128 బిట్లే. నాలుగు చూసి వద్దన్నవాడు మంచి కార్డు వదులుకున్నట్టే. అందుకే దుకాణంలో ఒక భూతద్దం ఉండేది. హైనిక్స్ చిప్పు మీద 281622 అని ఉంటే అందులో 28 అన్నది 128 మెగాబిట్ల రకానికి గుర్తు, తర్వాతి 16 దాని వెడల్పు. 283222 అని ఉంటే వెడల్పు 32 బిట్లు. వరస చివర గీత పెట్టి రాసిన అంకె నానోసెకన్లు. వెయ్యిని దాంతో భాగిస్తే మెగాహెర్ట్జ్ వస్తుంది. 5 అంటే 200, 4 అంటే 250. ఇంకో మూల నాలుగంకెలు తయారైన తేదీ చెప్పేవి. 0312 అంటే 2003వ సంవత్సరం పన్నెండో వారం. కొత్త కార్డని చెప్పి పాతది అంటగడితే ఆ నాలుగంకెలే పట్టిచ్చేవి.

పదో తరగతి గణితంలో తప్పినవాళ్లు కూడా ఆ భాగహారాలు నోటితో చేసేవాళ్లు. నెట్ సెంటర్ల కుర్రాళ్లయితే మాకంటే గట్టివాళ్లు. ఇరవై సిస్టమ్‌లకు ఇరవై కార్డులు కొనేటప్పుడు ప్రతి కవరూ విప్పించి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసేవాళ్లు. ఒకే పెట్టెలో, ఒకే పేరుతో వచ్చిన కార్డుల్లో రెండు రకాల బోర్డులు బయటపడిన సందర్భాలున్నాయి. బోర్డు మూల ముద్రించిన రివిజన్ నంబరు మారితే చిప్పులూ మారేవి.

కార్డు సిస్టమ్‌లోకి ఎక్కాక పరీక్ష ఇంకో రకం. పవర్ నొక్కగానే, మదర్‌బోర్డు పేరు రావడానికి ముందే, తెర పైభాగాన గ్రాఫిక్స్ కార్డు తన పేరూ మెమరీ చెప్పుకునేది. ఒకటి రెండు సెకన్ల ముచ్చట అది. ఆ కాలపు లావుపాటి పిక్చర్ ట్యూబు మానిటర్ వెలుగు అందుకునేలోపు ఆ ముచ్చట ముగిసిపోయేది. అందుకని ముందు మానిటర్‌ను వేడెక్కనిచ్చి, తర్వాత సిస్టమ్‌ను రీసెట్ చేసి, ఆ వరుస కనిపించగానే పాజ్ బటన్ నొక్కేవాళ్లం. తెర అక్కడే నిలిచిపోయేది. కస్టమరును పిలిచి "చదువుకోండి సార్" అనడం దుకాణం మర్యాద. కొన్ని దుకాణాల్లో మానిటర్‌ను కావాలనే ఆఖర్న ఆన్ చేసేవారని కూడా చెప్పాలి.

విండోస్ లోపలికి వెళ్తే ఇంకో ఆధారం దొరికేది. కంప్యూటరులోని ప్రతి కార్డుకూ రెండు నంబర్లుంటాయి. ఒకటి కంపెనీది, రెండోది చిప్పుది. ఇంటెల్ తనకు 8086 అని పెట్టుకుంది, తన పాత ప్రాసెసరు గుర్తుగా. ఎస్‌త్రీ నంబరు 5333. హెక్సాడెసిమల్‌లో అక్షరాల కోడు తీసి చూస్తే 53 అంటే ఎస్, 33 అంటే మూడు. కంపెనీ సంతకం అలా అంకెల్లో దాక్కుని ఉంది. ఎన్విడియా కార్డుల్లో చిప్పు నంబరు 0171 అయితే జీఫోర్స్4 ఎంఎక్స్ 440, 0181 అయితే అందులోనే ఏజీపీ (అప్పటి గ్రాఫిక్స్ కార్డు స్లాటు) 8ఎక్స్ రకం, 0322 అయితే ఎఫ్‌ఎక్స్ 5200. డబ్బా మీద 8ఎక్స్ అని ఉండి లోపల 0171 చూపిస్తే గొడవకు అదే సాక్ష్యం. కానీ ఈ నంబర్లూ చిప్పు గురించే చెప్తాయి, బోర్డు గురించి కాదు. 64 బిట్ల ఎఫ్‌ఎక్స్ 5200ని అడిగినా 0322 అనే అంటుంది, 128 బిట్లదాన్ని అడిగినా అదే అంటుంది. రష్యన్ ప్రోగ్రామర్ అలెక్సీ నికొలాయ్‌చుక్ రాసిన రివాట్యూనర్ దారి వెడల్పు కూడా చూపించేది గానీ, అప్పటికి కార్డు బిగించి, డ్రైవరు ఎక్కించి, డబ్బు గల్లాలో పడి ఉండేది.

పేర్ల గారడీలో ఎంఎక్స్ 440ది ప్రత్యేకమైన కథ. జీఫోర్స్4 అన్న పేరు చూసి జీఫోర్స్3 కంటే పై మెట్టు అనుకున్నారు జనం. నిజానికి జీఫోర్స్3లో వచ్చిన పిక్సెల్ షేడర్లు దీంట్లో లేవు. వంశం ప్రకారం చూస్తే జీఫోర్స్2 ఎంఎక్స్‌కు దగ్గరి చుట్టం. చాలా ఆటల్లో ఆ లోటు తెలియలేదు. వైస్ సిటీ హాయిగా నడిచింది. 2003 చివర ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ద సాండ్స్ ఆఫ్ టైమ్ వచ్చాక గుట్టు రట్టయింది. ఆ ఆటకు పిక్సెల్ షేడర్లు తప్పనిసరి. ఎంఎక్స్ కార్డులు పనికిరావని ఆట చేసినవాళ్లే రాశారు. మా కౌంటరు ముందు నిలబడి "నాది నాలుగు, వాడిది మూడు, వాడికెట్లా నడుస్తది అన్నా?" అని నిలదీసిన కుర్రాళ్లకు జవాబు చెప్పడం మామూలు కష్టం కాదు.

పెద్ద అంకె మంచిదన్న నమ్మకాన్ని జీఫోర్స్4 టీఐ 4200 ఇంకో వైపు నుంచి దెబ్బకొట్టింది. అందులో 64 ఎంబీ కార్డుకు మెమరీ 500 మెగాహెర్ట్జ్ లెక్కన నడిస్తే, 128 ఎంబీ దానికి 444 మాత్రమే. ఎక్కువ డబ్బు పెట్టినవాడి మెమరీయే నెమ్మది. ఆ సంగతి తెలిసినవాళ్లు చిన్నది అడిగి తీసుకుపోతుంటే, పక్కనున్నవాళ్లు వాళ్ల దగ్గర డబ్బుల్లేవనుకునేవారు.

అన్ని తేడాలూ కొనేవాడికి నష్టమే అనుకోవద్దు. ఎన్విడియాకు పోటీ అయిన ఏటీఐవాళ్ల రేడియాన్ 9500లో అదృష్టం దాగి ఉండేది. అది పై తరగతి 9700 చిప్పే. ఎనిమిది పైప్‌లైన్లలో నాలుగింటిని మూసి చౌకగా అమ్మారు. కొన్ని 128 ఎంబీ కార్డులను 9700 బోర్డు మీదే చేశారు. వాటి మెమరీ చిప్పులు ప్రధాన చిప్పుకు రెండు పక్కల, ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో ఉండేవి. ఆ ఆకారం దొరికితే సాఫ్ట్‌వేరుతో మూసినవి తెరిచి చూడొచ్చు. అందరికీ పండేది కాదు, కొన్నిట్లో మూసిన భాగం నిజంగానే చెడిపోయినది కావడంతో తెర మీద గళ్లు గళ్లుగా మచ్చలొచ్చేవి. చిప్పులు ఒకే వరసలో ఉన్న కార్డయితే 9700 అయ్యే ఆశే లేదు. మా దగ్గరికి అవి వచ్చిందే తక్కువ. వచ్చిన కబురు మాత్రం కార్డుకంటే ముందు మెట్లెక్కేది.

చూడటం తెలియకపోతే కొన్నిసార్లు డబ్బుతో పోయేది కాదు. ఏజీపీ కార్డు అడుగున బంగారు రంగు పళ్లుంటాయి కదా, వాటి మధ్య కోతలుంటాయి. బ్రాకెట్ వైపున్న కోత పాత 3.3 వోల్టులకు గుర్తు, దూరంగా ఉన్నది 1.5 వోల్టులకు. రెండూ ఉంటే రెండింటికీ పనికొస్తుందని అర్థం. ఇంటెల్ 845 మదర్‌బోర్డులు 1.5 వోల్టులకే కట్టుబడ్డాయి. కొన్ని పాత కార్డులు లోపల 3.3 వాడుతూనే రెండు కోతలతో వచ్చేవి. అలాంటిది 845లో దూర్చితే మదర్‌బోర్డు గతి అంతే. కోతలు చూసి, కార్డు వయసు చూసి, ఆ తర్వాతే స్లాటు దగ్గరికి చెయ్యి పోవాలని భాయ్ కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు.

మరో రకం నిరాశ ఇంటెల్ 810 మదర్‌బోర్డులది. గ్రాఫిక్స్ లోపలే ఉండేవి, ఏజీపీ స్లాటే ఉండదు. కొనేటప్పుడు ఎవరూ ఆ ఖాళీని గమనించరు. ఏడాది తర్వాత కొడుకు పోరు పడలేక ఏజీపీ కార్డు కొనుక్కుపోయిన తండ్రి, సాయంత్రానికి దాన్ని పట్టుకుని తిరిగొచ్చేవాడు. 845లోనూ అంతే. 845జీకి స్లాటుంది, 845జీఎల్‌కు లేదు. ఒక్క అక్షరం తేడా. అందుకే జిల్లాల నుంచి ఫోన్ చేసినవాళ్లను ముందు సిస్టమ్ డబ్బా విప్పి, బ్రౌన్ రంగు స్లాటు ఉందో లేదో చూసి చెప్పమనేవాళ్లం.

ఈ జీవితం ఒక్కరోజులో ముగియలేదు. 2004లో ఇంటెల్ 915తో పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చి ఏజీపీ మెల్లగా వెనకబడింది. కోతలు చదివే పని పోయింది. కార్డులు వేడెక్కే కొద్దీ వాటి మీద కూలర్లు పెరిగి, చిప్పులన్నిటినీ కప్పేశాయి. విప్పి చూద్దామంటే స్క్రూ మీద వారంటీ స్టిక్కరు. 2007 తర్వాత జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాము అందరి చేతికీ వచ్చింది. చిప్పు పేరు, మెమరీ రకం, దారి వెడల్పు, అన్నీ ఒకే కిటికీలో. భూతద్దం డ్రాయర్లోకి పోయింది. ల్యాప్‌టాప్‌లు పెరిగాయి, ఇంట్లో కూర్చుని కొనడం అలవాటయింది. సీటీసీలో సిస్టమ్‌లు బిగించే బల్లలు తగ్గి, ల్యాప్‌టాప్ రిపేర్లు, సీసీటీవీ కెమెరాలు ముందుకొచ్చాయి. భాయ్ కూడా చివరి ఏళ్లలో హార్డ్ డిస్కుల్లోంచి పోయిన ఫోటోలు తీసిచ్చే పనిలో కుదురుకున్నాడు.

ఈ మార్పు మంచికే వచ్చిందని చెప్పేవాళ్లున్నారు. సగం నిజమే. జీపీయూ-జెడ్ చూపించే వివరాలు మా భూతద్దం ఏనాడూ చూపించలేదు. ఎంత తెలుసుకోగలుగుతున్నామన్న దాంట్లో నష్టం లేదు. ఎప్పుడు తెలుసుకుంటున్నామన్నదే తేడా. చిప్పులు లెక్కపెట్టినవాడు డబ్బు ఇవ్వకముందు తెలుసుకునేవాడు. ఇప్పుడు కార్డు ఇంటికొచ్చి, సిస్టమ్‌లో ఎక్కాకే కిటికీ తెరుచుకుంటుంది.

గారడీ మాత్రం ఎక్కడికీ పోలేదు. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060లో 6 జీబీ కార్డుకు 1280 కోర్లుంటే, అదే పేరున్న 3 జీబీ కార్డుకు 1152. మెమరీ తగ్గిందని డబ్బా చెప్పింది, కోర్లు తగ్గాయని చెప్పలేదు. 2018లో జీటీ 1030కి డీడీఆర్4 మెమరీ పెట్టి కొత్త రకం దించారు. పేరు పాతదే, మెమరీ వేగం దాదాపు మూడో వంతుకు పడిపోయింది. ఇవి మా కాలంలో వచ్చుంటే ఒక్క వారంలో సీటీసీ మెట్ల మీద అందరి నోళ్లలో నానేవి. ఖమ్మంలో నెట్ సెంటరు పెట్టబోయేవాడికి కూడా ఆ కబురు అందేది.

ఈ మధ్య మా అన్న కొడుకు ఆన్‌లైన్‌లో పాత గ్రాఫిక్స్ కార్డు చూసి, పేరు పంపి "తీసుకోనా బాబాయ్?" అని అడిగాడు. పేరు కాదు, కార్డు వెనకవైపు ఫోటో, చిప్పుల మీద అక్షరాలు కనిపించేట్టు దగ్గరి ఫోటో అడిగి తెప్పించమన్నాను. అమ్మేవాడు రెండు రోజులు తిప్పించుకుని, ఫోటోలు పంపకుండానే మాట్లాడటం మానేశాడు. మావాడు నిరాశపడ్డాడు. నేనైతే ఆ మౌనాన్నే జవాబుగా తీసుకోమన్నాను. సరుకు సరైనదైతే వెనక్కి తిప్పి చూపించడానికి ఎవడికీ అభ్యంతరం ఉండదు. పార్క్‌లేన్‌లో మేం నేర్చుకున్నదాంట్లో ఏజీపీ పోయినా, 64 బిట్ల లెక్క పోయినా, ఆ ఒక్కటీ ఇంకా చెల్లుతోంది.